దూరపు వేటకు చూపు, 3వ పాఠం: బైనాక్యులర్స్ కొనే ముందు

పోయిన పాఠంలో కొండవాలుని చదవడం చెప్పుకున్నాం: పొద్దున ఎండ ఏ వైపు ముందు పడుతుంది, ఎల్క్ (పెద్ద జాతి జింక) ఎక్కడ మేస్తుంది, ఎండెక్కాక ఏ చెట్ల నీడలోకి జారుకుంటుంది అన్నవి. ఈసారి ఆ వాలుని చూడటానికి చేతిలో ఏం ఉండాలన్నది విషయం. డబ్బు ఎక్కువ పోయేదీ, తొందరపడి కొనేదీ ఇక్కడే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొదటి పాఠంలో చెప్పిందే మళ్లీ: ఇదంతా కొలరాడో, వ్యోమింగ్, అరిజోనా లాంటి చోట్ల లైసెన్సు తీసుకుని వేటకెళ్లే మనవాళ్ల కోసం. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఈ బైనాక్యులర్స్ ఊరికి పట్టుకెళ్తే పక్షుల్ని చూసుకోవచ్చు, అంతవరకే.

ఇంకోటి, నేను దూరం అన్నప్పుడల్లా చూసే దూరం అనే అర్థం చేసుకోండి, కాల్చే దూరం కాదు. వెయ్యి గజాల అవతల, ఒక్కోసారి మైలు అవతల జంతువుని పట్టుకోవాలి, గాలి ఎటు వీస్తుందో చూసుకోవాలి, ఆ తర్వాత లోయ దిగి మళ్లీ ఎక్కి, తప్పకుండా తగులుతుందని నమ్మకం ఉన్న దూరానికి వెళ్లాలి. ఆ నడకకి మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. నడవడం దండగో కాదో కూర్చున్న చోటి నుంచే తేల్చుకోవాలి, మంచి బైనాక్యులర్స్ కి డబ్బు పెట్టేది అందుకే.

ఇప్పుడు కొంచెం లెక్క. రైఫిల్ వాడేవాళ్లకి ఎంఓఏ తెలుసు కదా, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం: వంద గజాల దగ్గర దాదాపు అంగుళం, వెయ్యి గజాల దగ్గర పదిన్నర అంగుళాలు. మంచి చూపున్న మనిషి కన్ను విడదీసి చూడగలిగేది కూడా సుమారు ఒక ఎంఓఏ వరకే. అంటే వెయ్యి గజాల దగ్గర ఉత్త కంటికి పది అంగుళాల కన్నా చిన్న వివరం ఏదీ తెలియదు. పది రెట్లు పెంచితే అది అంగుళానికి దిగుతుంది, పదిహేను రెట్లకి అంగుళంలో మూడింట రెండు వంతులకి. కొలరాడోలో చాలా యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) మగ ఎల్క్ ని కొట్టాలంటే ఒక కొమ్ముకి నాలుగు పాయింట్లు, అంటే చీలిక కొసలు, ఉండాలి, లేదా నుదుటి దగ్గరి చీలిక కనీసం అయిదంగుళాలు ఉండాలి. పాయింటుగా లెక్కలోకి రావాలంటే ఆ కొస కనీసం అంగుళం ఉండాలి. పై లెక్కతో దీన్ని పక్కన పెట్టి చూడండి: పది రెట్ల బైనాక్యులర్స్ తో వెయ్యి గజాల దగ్గర ఈ విషయం అంచు మీద ఉంది, కొంచెం చెయ్యి వణికినా, గాజు కొంచెం నాసిగా ఉన్నా తేలదు.

ఇక్కడ చాలామంది వెంటనే ఇంకా ఎక్కువ రెట్లవైపు వెళ్లిపోతారు. ఆగండి. పైన చెప్పిన లెక్కంతా బొమ్మ కదలకుండా ఉన్నప్పటి లెక్క. పది రెట్లు పెంచితే మీ చేతి వణుకు కూడా పది రెట్లు పెరుగుతుంది, పదకొండు వేల అడుగుల ఎత్తున ఆయాసంతో ఉన్నప్పుడు చెప్పనే అక్కర్లేదు. పది రెట్లు దాటితే చేత్తో పట్టుకుని చూడటం నా దృష్టిలో పనికిరాదు, నిజానికి పది రెట్లది కూడా ట్రైపాడ్ మీదే వాడాలి.

ఎందుకో ఒక్క ఉదాహరణ. సేజ్ పొదల మధ్య పడుకున్న మ్యూల్ డీర్ (పెద్ద చెవుల జింక) మొత్తంగా ఎప్పుడూ కనిపించదు. కనిపిస్తే ఒక చెవి అంచు, లేదా పొదల కొమ్మల్లో కలిసిపోయిన కొమ్ము కొస, లేదా నల్లటి ముక్కు. ఈగ వాలితే ఆ చెవి ఒక్క క్షణం ఆడుతుంది. చేత్తో పట్టుకుని చూస్తే బొమ్మ మొత్తం ఆడుతూనే ఉంటుంది కాబట్టి చెవి ఆడిన సంగతి మీ కంటికి అందదు. ట్రైపాడ్ మీద పెడితే కొండ, పొదలు, రాళ్లు అన్నీ కట్టేసినట్టు ఉంటాయి, వాటి మధ్య ఆ చెవి ఒక్కటే కదులుతుంది. ట్రైపాడ్ మీదున్న మామూలు పది రెట్ల బైనాక్యులర్స్, చేతిలో ఉన్న ఖరీదైన పదిహేను రెట్లవాటి కన్నా ఎక్కువ జంతువుల్ని చూపిస్తాయి. ఈ పాఠంలో మీకు ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి.

అందుకని బడ్జెట్ వేసుకునేటప్పుడు ట్రైపాడ్, దాని తల, బైనాక్యులర్స్ ని దానికి బిగించే అడాప్టర్ ఖర్చు ముందే తీసి పక్కన పెట్టండి, మిగిలినదే బైనాక్యులర్స్ డబ్బు. చాలా మోడళ్లకి మధ్య కీలు ముందు చిన్న మూత ఉంటుంది, అది విప్పితే లోపల మరలు కనిపిస్తాయి, అడాప్టర్ అక్కడ బిగుస్తుంది. అది లేనివాటికి పట్టీతో బిగించే రకాలు ఉన్నాయి. కొనే ముందు మీరు చూస్తున్న మోడల్ కి ఏది పడుతుందో అడగండి, కొన్నాక కాదు.

మరి అంత ఖరీదు దేనికి? స్వరోవ్స్కీ ఎన్ఎల్ ప్యూర్ 10×42 (ఈ అంకెల అర్థం కింద చెప్తా) మూడు వేల డాలర్ల పైమాటే, జైస్ విక్టరీ ఎస్ఎఫ్, లైకా నాక్టివిడ్ కూడా ఆ వరసలోవే. వర్టెక్స్ రేజర్ యూహెచ్‌డీ, వ్యోమింగ్ లాండర్ ఊళ్లోని మావెన్ వాళ్లవి రెండు వేల లోపే దొరుకుతాయి, అవీ చాలా మంచివి. షాపులో వెలుగులో రెండు నిమిషాలు చూస్తే ఈ రెండు వరసలకీ తేడా చెప్పడం కష్టం. తేడా తెలిసేది మూడో గంటలో. రెండు గొట్టాలూ వెంట్రుకవాసి అయినా పక్కకి చూస్తుంటే మీ మెదడు ఆ రెండు బొమ్మల్నీ కలపడానికి కష్టపడుతూనే ఉంటుంది, మీకు తెలియదు, కాసేపయ్యాక తలనొప్పి వస్తుంది, కళ్లు లాగుతాయి, "ఇక్కడేం లేవులే" అని లేచిపోతారు. గాజు నాణ్యత, పూతలు, లోపలి నల్లరంగు, గొట్టాల అమరిక, ఇవన్నీ కలిసి మిమ్మల్ని ఇంకో గంట కూర్చోబెడతాయి. ఆ గంటకే మీరు డబ్బు కడుతున్నారు. ఏడాదికి వారం రోజులు సెలవు పెట్టి, లాటరీ డ్రాలో ట్యాగ్ (వేట అనుమతి) కోసం ఏళ్ల తరబడి దరఖాస్తు పాయింట్లు కూడబెట్టుకున్నవాళ్లకి ఆ గంట విలువ నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అంకెలు. 10×42 లో మొదటిది రెట్లు, రెండోది ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎగ్జిట్ ప్యూపిల్, అంటే కంటిపాపకి అందే వెలుగు వృత్తం. 8×42 కి 5.25 మిల్లీమీటర్లు, 10×42 కి 4.2, 15×56 కి 3.7, 12×42 కి 3.5. కుర్రవాళ్ల కంటిపాప చీకట్లో ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు పెరిగే కొద్దీ తగ్గుతుంది, యాభైల్లో చాలామందికి అయిదు దగ్గర ఆగిపోతుంది. కొలరాడోలో బిగ్ గేమ్ (ఎల్క్, జింక లాంటి పెద్ద జంతువుల) వేట సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకి ముగుస్తుంది, జంతువులు బాగా తిరిగేదీ ఆ రెండు చివర్లలోనే. పగటిపూట కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి ఏదైనా సరిపోతుంది, ఈ అంకె అవసరం పడేది ఆ మసక వెలుతుర్లో. 12×42 తేలిక, చూడటానికి బాగుంటుంది, కానీ సంజెవేళ ముందుగా చేతులెత్తేసేది అదే. పన్నెండు రెట్లే కావాలంటే 12×50 తీసుకోండి.

రెట్లు పెరిగితే కనిపించే వెడల్పు తగ్గుతుంది. ఎన్ఎల్ ప్యూర్ 10×42 వెయ్యి గజాల దగ్గర దాదాపు 400 అడుగుల వెడల్పు చూపిస్తుంది, స్వరోవ్స్కీ ఎస్ఎల్‌సీ 15×56 చూపించేది సుమారు 230. విస్తీర్ణంలో చూస్తే మూడో వంతు. అంటే అదే వాలుని వెతకడానికి మూడు రెట్లు ఎక్కువ చూపులు పడతాయి. దీనికితోడు ఎండెక్కి నేల కాగాక వేడిగాలి తరంగాలు మొదలైతే పదిహేను రెట్లలో కొండంతా నీళ్ల కింద ఉన్నట్టు కనిపిస్తుంది, అప్పుడు ఎంత ఖరీదైన గాజైనా చేసేదేమీ లేదు.

నా సలహా ఇదీ: ఒక్కటే కొనగలిగితే 10×42, దొరికినంత మంచిది. మెడలో అదే, ట్రైపాడ్ మీద అదే. దక్షిణ అరిజోనాలో కూజ్ డీర్ కోసం వెళ్లేవాళ్లది మాత్రం వేరే దారి. పెద్ద మగది కూడా వంద పౌండ్ల చిన్న బూడిదరంగు జింక, ఎదురుగా ఉన్న వాలు మొత్తం అదే రంగు, అక్కడ 15×56 ట్రైపాడ్ మీద పెట్టి రోజంతా కూర్చోవడమే పద్ధతి. వాళ్లు కూడా మెడలో ఎనిమిదో పదో రెట్లది ఇంకోటి వేసుకుంటారు. వణుకు ఆపే ఎలక్ట్రానిక్ రకాలు, సిగ్ జూలూ6 16×42 లాంటివి, నడుస్తూ ఆగి చూడటానికి బావుంటాయి, కానీ ఎగ్జిట్ ప్యూపిల్ 2.6 మిల్లీమీటర్లే, సంజెవేళకి వాటిని నమ్ముకోవద్దు.

దూరం కొలిచే లేజర్ లోపలే ఉన్నవాటి గురించి క్లుప్తంగా. లైకా 1992 లో జియోవిడ్ తో ఈ రకాన్ని తెచ్చింది, ఇప్పుడు స్వరోవ్స్కీ ఈఎల్ రేంజ్, జైస్ విక్టరీ ఆర్ఎఫ్ కూడా ఉన్నాయి. ఏటవాలు కోణాన్ని కూడా లెక్కేసి చెప్తాయి: 400 గజాల దూరం, 30 డిగ్రీల వాలు అయితే గురి పెట్టాల్సింది సుమారు 346 గజాలకి. సౌకర్యమే, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు విడిగా చిన్న రేంజ్‌ఫైండర్ కొనుక్కుని, ఆ తేడా డబ్బు గాజు మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

కళ్లద్దాలు ఉన్నవాళ్లు, మనలో సగం మంది వాళ్లే, ఐ రిలీఫ్ అనే అంకె చూడకుండా కొనొద్దు. కంటికీ వెనక కటకానికీ మధ్య ఎంత దూరం ఉన్నా బొమ్మ పూర్తిగా కనిపిస్తుందో ఆ అంకె చెప్తుంది. 16 మిల్లీమీటర్లకి తక్కువైతే అంచులు కోసేసినట్టు ఉంటుంది. ఎన్ఎల్ ప్యూర్ కి 18. ఐకప్పులు (కంటికి ఆనే అంచులు) పూర్తిగా కిందికి తిప్పి, మీరు కొండ మీద పెట్టుకునే కళ్లద్దాలతోనే పరీక్షించండి, ఆఫీసులో స్క్రీన్ కోసం వాడేవాటితో కాదు.

ప్రిజమ్‌ల సంగతి, అంటే లోపల బొమ్మని నిటారుగా తిప్పే గాజు ముక్కల సంగతి, అమ్మేవాళ్లు పెద్దగా చెప్తారు. ఎక్కువ మోడళ్లలో ఉండేది ష్మిట్-పెఖాన్, చిన్నగా ఇముడుతుంది, కానీ ఒక ముఖానికి అద్దం పూత కావాలి. ఆబె-కేనిగ్ పొడుగ్గా ఉంటుంది, ఆ పూత అక్కర్లేదు కాబట్టి కొంచెం వెలుగు మిగులుతుంది. తేడా కొద్ది శాతమే. దాని కోసం కొనకండి, కళ్లతో చూసి కొనండి.

చూడటం ఎలా అంటే, ముందు బైనాక్యులర్స్ ని మీ కళ్లకి సరిచేసుకోవాలి. ఇది చేయకుండా రెండు మోడళ్లని పోల్చడం దండగ. ట్రైపాడ్ మీద పెట్టి, డెబ్బై ఎనభై గజాల దూరంలో చెట్టు బెరడో కారు నంబర్ ప్లేటో చూడండి. రెండు వృత్తాలు ఒకటయ్యేదాకా కీలు తెరవండి. కుడి గొట్టం ముందు మూత పెట్టండి, కన్ను మాత్రం మూయకండి, ఒక కన్ను మూస్తే రెండోదీ బిగుసుకుంటుంది. మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి పదునుగా తెచ్చుకోండి. ఇప్పుడు మూత ఎడమవైపుకి మార్చండి, మధ్య చక్రం ముట్టుకోకుండా డయాప్టర్ (ఒక్క కంటికి మాత్రమే సరిచేసే చక్రం) ఒక్కటే తిప్పి కుడి కంటికి సరిచేయండి. మూత తీసేయండి. డయాప్టర్ గుర్తు ఎక్కడుందో రాసిపెట్టుకోండి, ఎవరికైనా ఇచ్చినప్పుడు తిప్పేస్తారు.

తర్వాత షాపు బయటికి తీసుకెళ్తామని అడగండి, మంచి షాపువాళ్లు కాదనరు. ఆకాశం వెనక ఉన్న కరెంటు తీగని చూడండి, అంచు వెంట ఊదా, ఆకుపచ్చ చార కనిపిస్తే కొమ్ముల కొసల మీదా అదే కనిపిస్తుంది. తీగని బొమ్మ అంచుకి జరిపి ఎంతవరకు పదునుగా ఉందో చూడండి. ట్రైపాడ్ మీద వాలుని వెతికేటప్పుడు కన్ను అంచులదాకా తిరుగుతుంది, కాబట్టి ఇది ముఖ్యం. ఆఖరిది సంజెవేళ: పొద్దు వాలే దిక్కున, సూర్యుడి మీదికి మాత్రం ఎప్పుడూ పోకుండా, చెట్ల కింది నీడలోకి చూడండి. నాసిరకంలో ఆ నీడ మీద తెల్లటి పొర కమ్ముతుంది. మంచిదాంట్లో నీడ నల్లగా ఉంటుంది, అందులో కొమ్మలు విడివిడిగా తెలుస్తాయి.

వచ్చే పాఠం ట్రైపాడ్ తల గురించి, వాలుని గడులుగా పంచుకుని వెతకడం గురించి. ఆలోపు మీ దగ్గర ఏ బైనాక్యులర్స్ ఉంటే వాటినే డయాప్టర్ సరిచేసి, స్థిరంగా ఆనించి, ఒక సాయంత్రం సూర్యాస్తమయం నుంచి అరగంట పాటు పార్కులో ఒకే చెట్ల వరసని చూడండి. ఏ నిమిషానికి వివరం పోయిందో, ఏ నిమిషానికి కళ్లు లాగాయో రెండూ విడివిడిగా రాసుకోండి. ఆ రెండు అంకెలతోనే అక్కడ పని మొదలుపెడతాం.