షేర్డ్ హోస్టింగ్ సైట్‌లో మెమరీ ఎర్రర్ వస్తే ఏం చేయాలి?

స్క్రీన్ మీద ‘అలౌడ్ మెమరీ సైజ్ ఆఫ్ 134217728 బైట్స్ ఎగ్జాస్టెడ్’ అని కనిపిస్తే టెన్షన్ పడొద్దు. ఆ పెద్ద అంకె 128 ఎంబీ, అంతే. ఒక పేజీ తయారుచేయడానికి పీహెచ్‌పీకి (సైట్‌ను నడిపే ప్రోగ్రామింగ్ భాష) ఇచ్చిన మెమరీ చాలలేదని అర్థం. విజయవాడ బీసెంట్ రోడ్డు చీరల షాపు సైటైనా, గుంటూరు మిర్చి వ్యాపారి సైటైనా వైద్యం ఒకటే. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకోవడం. సైట్ తయారుచేసే వర్డ్‌ప్రెస్, హోస్టింగ్ సెట్టింగ్స్ మార్చుకునే సీప్యానెల్ ఉన్నాయనుకుని చెబుతున్నాను.

ముందు ఫైళ్లు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసుకోండి. సీప్యానెల్‌లో మల్టీపీహెచ్‌పీ ఐఎన్ఐ ఎడిటర్ గానీ, సెలెక్ట్ పీహెచ్‌పీ వెర్షన్‌లోని ఆప్షన్స్ గానీ తెరిచి, మెమరీ లిమిట్ 256ఎం (అంటే 256 ఎంబీ) చేయండి. చేత్తో టైపు చేయాల్సి వస్తే అంకె పక్కన ‘ఎం’ (M) అక్షరం ఒక్కటే ఉండాలి. ‘ఎంబీ’ (MB) అని రాస్తే పీహెచ్‌పీ దాన్ని 256 బైట్లుగా తీసుకుంటుంది, సైట్ మొత్తం పడిపోతుంది.

వీడియోలు చూసి హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో (సర్వర్ సెట్టింగ్స్ ఉండే ఫైలు) మెమరీ లిమిట్ లైను అతికించకండి. పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపే ఒక పద్ధతి) మీద నడిచే సర్వర్‌లో ఆ ఒక్క లైనుకే సైట్ 500 ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ప్యానెల్ ఉండగా ఫైళ్ల జోలికి పోకూడదు.

వర్డ్‌ప్రెస్‌లో టూల్స్, సైట్ హెల్త్, ఇన్ఫో, సర్వర్ దగ్గర కొత్త లిమిట్ కనపడాలి. పాతదే ఉంటే హోస్టింగ్ వాళ్లకు టికెట్ పెట్టండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ ఎర్రర్ వస్తే 512 చేస్తారు, ఆ తర్వాత 1 జీబీ. ఇది పద్ధతి కాదు. ఆ లిమిట్ సైట్ మొత్తానికి కాదు, ఒక్కో రిక్వెస్టుకు, అంటే ఎవరైనా ఒక పేజీ అడిగిన ప్రతిసారికీ. ఖాతా మొత్తానికి హోస్టింగ్ కంపెనీ వేరే పరిమితి పెడుతుంది. ఖాతాకు 1 జీబీ ఉంటే, 512 చొప్పున తినే రిక్వెస్టులు రెండు చాలు దాన్ని నింపడానికి. దసరా ముందు కస్టమర్లు ఒకేసారి వచ్చినప్పుడు సైట్ చేతులెత్తేస్తుంది. మైనస్ 1 పెట్టి లిమిట్ పూర్తిగా తీసేయమనే సలహా అసలే వినొద్దు.

కాబట్టి మెమరీ తినేదెవరో పట్టుకోవాలి. ఎర్రర్‌లో ఒక ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. అది చూసి వెంటనే ఆ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనపు పనులు జోడించే ప్రోగ్రాం) పీకేయకండి. కిక్కిరిసిన ఆటోలో చివరగా ఎక్కిన మనిషిని తప్పుపట్టినట్టే అది. అప్పటికే మెమరీని నింపేసింది వేరే ప్లగిన్ కావచ్చు.

హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్ ప్లగిన్ వేసి ట్రబుల్‌షూటింగ్ మోడ్ ఆన్ చేయండి. మిగతా ప్లగిన్లు మీ ఒక్కరికే ఆగుతాయి, కస్టమర్లకు సైట్ మామూలుగానే నడుస్తుంది. అందులో క్వెరీ మానిటర్ అనే ఇంకో ప్లగిన్ ఒక్కటి ఆన్ చేస్తే ప్రతి పేజీ ఎంత మెమరీ తిన్నదో చూపిస్తుంది. ఆ అంకె రాసుకోండి. ఇక ఒక్కో ప్లగిన్ ఆన్ చేస్తూ, ఎర్రర్ వచ్చిన పనినే మళ్లీ చేసి చూడండి. హోమ్ పేజీ చూసి వదిలేస్తే ఏమీ తెలియదు. రెండు మూడు కలిపి ఆన్ చేస్తే దొంగ తప్పించుకుంటాడు. అంకె ఎక్కడ ఒక్కసారిగా ఎగిరిందో ఆ ప్లగిన్‌ను మార్చండి.

వర్డ్‌ప్రెస్ అడ్మిన్ అసలు తెరుచుకోకపోతే సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చాలి. అప్పుడు ఆర్డర్లు తీసుకునే ప్లగిన్ కూడా ఆగుతుంది. ఆ పని రాత్రి పొద్దుపోయాకే చేయండి.

క్యాష్ ప్లగిన్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ చూపించేది) వేస్తే సరిపోతుందని కొందరంటారు. అడ్మిన్ పేజీలను అవి క్యాష్ చేయవు, అక్కడి ఎర్రర్‌కు వాటితో పని లేదు.

ఫొటోలు ఎక్కించేటప్పుడే ఎర్రర్ వస్తోందా? ఫైలు ఎన్ని ఎంబీలన్నది కాదు, ఎన్ని పిక్సెళ్లన్నది చూడండి. ఫొటోను విప్పితే పిక్సెల్‌కు సుమారు 4 బైట్లు పడతాయి. 50 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటోకు 200 ఎంబీ అవుతుంది. అదే 1600 బై 1200కు తగ్గించి ఎక్కిస్తే 8 ఎంబీ దాటదు. చీరల షాపుల సైట్లలో ముందు ఇదే చూడాలి.

మిర్చి ధరల పట్టిక లాంటి పెద్ద సీఎస్‌వీ ఫైలు ఎక్కించేటప్పుడు ఆగిపోతుంటే దాన్ని 500 వరుసల ముక్కలుగా చేసుకోండి. ఇన్నీ చేశాక కూడా 256 చాలకపోతే, అప్పుడు పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టండి.