డిస్క్ చేతికొచ్చేలోపు

నా దగ్గర రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి ఉంది. పాత ఆర్ట్ సినిమా ఏదైనా బాగుచేసి స్పెషల్ ఎడిషన్ డిస్క్‌గా తెస్తున్నారని తెలిసిన రోజు అందులో ఆ సినిమా పేరుతో ఒక కొత్త పేజీ మొదలవుతుంది. డిస్క్ వచ్చేసరికి కొన్ని సినిమాలకు మూడు నాలుగు పేజీలు నిండుతాయి, కొన్నింటికి రెండు లైన్లు దాటవు. నేను పొరపాటున కొన్న డిస్కులన్నీ ఆ రెండు లైన్ల సినిమాలవే. ఎదురుచూసే నెలల్లో ఏం చేయాలో తెలియకపోతే ఉత్సాహం కొద్దీ కొనేసి, తర్వాత బాధపడాల్సి వస్తుంది. అందుకే నా పద్ధతి రాస్తున్నాను.

ముందు, వార్తను పసిగట్టడం. బాగుచేసిన పాత సినిమా నేరుగా డిస్క్‌గా రావడం తక్కువ. మొదట ఏదో ఒక సినిమా ఉత్సవంలో తెర మీద కనిపిస్తుంది. కాన్ ఉత్సవంలో 2004 నుంచి క్లాసిక్స్ విభాగం ఉంది. వెనిస్‌లోనూ అలాంటిది ఉంది. ఇటలీలోని బొలోన్యాలో ఏటా వేసవిలో జరిగే 'ఇల్ చినెమా రిత్రొవాతో' అనే ఉత్సవమైతే మొత్తం ఇలాంటి సినిమాల కోసమే. ఈ మూడింటి జాబితాలూ చదివి, నచ్చిన సినిమా పేరు పక్కన ఎవరు బాగుచేశారో, దేని నుంచి చేశారో రాసుకోండి. కొన్ని నెలలకో, రెండేళ్లకో డిస్క్ ప్రకటన వచ్చినప్పుడు ఆ లైను మీకు ఎంతో పనికొస్తుంది.

ఇలాంటి డిస్కులు తెచ్చే అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ సాధారణంగా నెల మధ్యలో, మూడు నెలల తర్వాత రాబోయే సినిమాలు ప్రకటిస్తుంది. కొత్త సంవత్సరం మొదట్లో ఒక బొమ్మ కూడా వేయిస్తుంది. ఆ ఏడాది రాబోయే సినిమాలకు అందులో ఆనవాళ్లు దాచి ఉంటాయి. నేనూ మా తమ్ముడూ ఫోన్లో గంటలకొద్దీ ఆ బొమ్మ విప్పుతాం. వాడికి మాటల మీద ఆడిన ఆటలు దొరుకుతాయి, నాకు వస్తువులు దొరుకుతాయి. ఏడాదిలో నాకు అంత ఇష్టమైన ఫోన్ కాల్ ఇంకొకటి లేదు. కానీ ఆనవాలును మాట ఇచ్చినట్టు తీసుకోకండి. ఒకసారి అలాంటి సూచన చూసి, కొత్తది వచ్చేస్తోంది కదా అని నా పాత డీవీడీ ఒకరికి ఇచ్చేశాను. కొత్త డిస్క్ వచ్చేసరికి మూడేళ్లు పట్టింది. పాతదాంట్లో ఉన్న కామెంటరీ, అంటే సినిమా నడుస్తుండగా దాని గురించి ఎవరైనా మాట్లాడే ఆడియో, ఇందులో లేదు.

ఆలస్యం అనగానే చాలామంది కంపెనీ మీద కోపం తెచ్చుకుంటారు. ఆలస్యానికి కారణం ఏమిటో తెలుసుకోవడం ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. క్రైటీరియన్ 1998లో డీవీడీలు మొదలుపెట్టినప్పుడు ఒకటో నంబరు ఫ్రెంచ్ దర్శకుడు జాఁ రెన్వార్ తీసిన 'గ్రాండ్ ఇల్యూజన్'కి కేటాయించింది. కానీ ముందు వచ్చినవి తర్వాతి నంబర్లు. పోయిందనుకున్న అసలు కెమెరా నెగటివ్ (షూటింగ్‌లో కెమెరాలో నడిచిన ఫిల్మ్) దొరికిందని తెలిసి, దాని నుంచి చేసిన ప్రతి కోసం ఆగారు. ఒకటో నంబరు డిస్క్ 1999లో వచ్చింది. ఆ నెగటివ్ యుద్ధకాలంలో జర్మన్ల చేతికి చిక్కి బెర్లిన్ వెళ్లింది, అక్కడి నుంచి మాస్కో, చివరికి తిరిగి ఫ్రాన్స్‌లోని తులూజ్ చేరింది.

అపు చిత్రత్రయం కథ ఇంకా పెద్దది. 1993లో లండన్‌లోని హెండర్సన్ ల్యాబ్‌లో మంటలు లేచి, సత్యజిత్ రాయ్ సినిమాల నెగటివ్‌లు కాలిపోయాయి. పనికిరావనుకున్న ఆ కాలిన రీళ్లను అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ పారేయకుండా దాచింది. ఇరవై ఏళ్ల తర్వాత బొలోన్యాలోని లిమ్మాజినె రిత్రొవాతా ల్యాబ్ వాటిని ద్రావణంలో నానబెట్టి మెత్తబరిచింది. కరిగి అంటుకున్న టేపులు, జిగురు తీసి, విరిగిన అంచులను చేత్తో అతికింది. ఆ చేతిపనికే దాదాపు వెయ్యి గంటలు పట్టాయి. 'పథేర్ పాంచాలి'లో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా ఆ కాలిన నెగటివ్ నుంచే వచ్చింది. 'అపూర్ సంసార్'కి మాత్రం వేరే ప్రతులే దిక్కయ్యాయి. డిస్కులు 2015 నవంబరులో వచ్చాయి. నా నోట్‌బుక్‌లో ఈ మూడు సినిమాలకే పదకొండు పేజీలున్నాయి. చూస్తున్నప్పుడు ఒక షాట్ ఉన్నట్టుండి కాస్త మెత్తగా, మసకగా మారితే నాకు లోపంలా అనిపించలేదు. ఇక్కడ నెగటివ్ అయిపోయింది, వేరే ప్రతి మొదలైంది అనుకున్నాను. ముందే చదివి ఉండకపోతే టీవీ సెట్టింగులు మారుస్తూ కూర్చునేదాన్ని.

ఇక ప్రకటన పేజీ. దీన్ని ఇంటి కాగితాలు చదివినంత నిదానంగా చదవండి. '4కె రిస్టొరేషన్' అని రాసి ఉంటే, అంటే దాదాపు నాలుగు వేల చుక్కల వెడల్పున్న బొమ్మగా బాగుచేశారంటే, అది 4కె డిస్క్ అని కాదు. 4కెలో బాగుచేసిన సినిమాను మామూలు బ్లూరే మీద 1080 లైన్లతో అమ్మడం సర్వసాధారణం. 4కె యూహెచ్‌డీ డిస్క్ అయితే ఆ మాట విడిగా రాస్తారు, దానికి ప్లేయర్ కూడా వేరే కావాలి. తర్వాత, దేని నుంచి స్కాన్ చేశారు? అసలు కెమెరా నెగటివ్ నుంచా, దాని నకలు నుంచా, థియేటర్లో ఆడిన ప్రింట్ నుంచా? ఏ సంగతీ రాయకుండా 'కొత్త హై డెఫినిషన్ మాస్టర్' అని మాత్రం రాస్తే, డిస్క్ వచ్చాక ఎవరైనా తీసిన స్క్రీన్‌షాట్లు చూసేదాకా ఆగండి.

రంగులు ఎవరు ఖాయం చేశారో కూడా చూడండి. దర్శకుడో ఛాయాగ్రాహకుడో దగ్గరుండి చేయించారంటే సంతోషమే. అయితే వాళ్లు ఖాయం చేసిందల్లా మీరు మొదట చూసిన సినిమాలాగే ఉంటుందనుకోకండి. హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్ వై సినిమాల పెట్టె 2021లో వచ్చినప్పుడు 'ఫాలెన్ ఏంజెల్స్' చట్రమే మారింది. ఎత్తుకు 1.85 రెట్ల వెడల్పుతో చూసిన సినిమా 2.39 నిష్పత్తిలోకి వెడల్పయింది. అది ఆయన స్వయంగా కోరుకున్న మార్పు. ఆయన హక్కును నేను కాదనను. కానీ పాత రూపం కూడా ఎక్కడో ఒకచోట దొరకాలని గట్టిగా కోరుకుంటాను, అందుకే నా పాత డిస్క్ అలాగే ఉంచుకున్నాను.

నిడివి చూడటం మరిచిపోకండి. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన 'ఆంద్రెయ్ రుబ్ల్యోవ్' 183 నిమిషాలదీ ఉంది, 205 నిమిషాలదీ ఉంది. 2018 నాటి క్రైటీరియన్ ఎడిషన్‌లో రెండూ పెట్టారు. అలాంటప్పుడు ఏది ముందు చూడాలో ఎదురుచూసే రోజుల్లోనే తేల్చుకోండి. తార్కోవ్‌స్కీ ఇష్టపడింది చిన్నది కాబట్టి నేను దానితోనే మొదలుపెట్టాను. పాల్ (యూరప్, ఇండియా టీవీలు వాడిన పద్ధతి) రకం పాత డీవీడీతో పోల్చి కొత్తదాంట్లో ఏవో సీన్లు కలిపారని మాత్రం పొరబడకండి. పాల్ పద్ధతిలో సెకనుకు 24 ఫ్రేములకు బదులు 25 పరిగెడతాయి. రెండు గంటల సినిమా 115 నిమిషాలకే అయిపోతుంది.

ఎక్స్‌ట్రాల జాబితాను పాత ఎడిషన్ జాబితా పక్కన పెట్టి ఒక్కొక్కటీ టిక్ కొట్టండి. కామెంటరీలు, ఇంటర్వ్యూలు చాలావరకు వాటిని చేయించిన కంపెనీవే. సినిమా హక్కులు వేరేవాళ్లకు వెళ్తే అవి వెంట రావు.

రీజియన్, అంటే డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే తాళం, గురించి పొట్టిగా చెప్తాను. బ్లూరేలో ఎ అంటే అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా. బి అంటే యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా. సి అంటే ఇండియా, చైనా, రష్యా. 4కె యూహెచ్‌డీ డిస్కులకు రీజియన్ తాళం లేదు. కానీ అదే పెట్టెలో ఎక్స్‌ట్రాల కోసం పెట్టిన బ్లూరేకి తాళం ఉండొచ్చు. ఇది తెలియక ఒక సెట్ తెప్పించుకుని, సినిమా ఆడి, నేను ఎక్కువగా ఆశపడ్డ డాక్యుమెంటరీ ఆడకపోతే ఆ సాయంత్రమంతా దిగులుగా గడిచింది.

ప్రీఆర్డర్ చేయాలా ఆగాలా అనేది చాలామందికి టెన్షన్. నేను ఒకటే చూస్తాను: పరిమితంగా వేసేది బయటి అట్టపెట్టెనా, మొత్తం డిస్కునా? పెట్టె మాత్రమే అయితే మామూలు ఎడిషన్ తర్వాత వస్తుంది, తొందర లేదు. బుక్‌లెట్ కూడా మొదటి విడతకే పరిమితం చేస్తే, వ్యాసాలు ఎవరు రాశారో చూసి నిర్ణయించుకుంటాను. హక్కులు పోయే ప్రమాదం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అంత ఆగి తెచ్చిన ఆ ఒకటో నంబరు 'గ్రాండ్ ఇల్యూజన్' కూడా 2010లో హక్కుల గడువు తీరి అచ్చు ఆగిపోయింది. ప్రాణమంత ఇష్టమైన సినిమా అయితే వాయిదా వేయకండి.

విడుదలకు ముందు రెండు మూడు నెలలు ఆ సినిమా ఏ రూపంలోనూ చూడకండి, క్లిప్పులు కూడా. బదులుగా అదే దర్శకుడి వేరే సినిమా చూడండి, మూలకథ ఉంటే చదవండి. కొత్త ప్రతి చూసినప్పుడు కళ్లు తాజాగా ఉండాలి.

డిస్క్ వచ్చిన రోజే పెట్టె తెరవండి. డిస్క్ ఊడి లోపల దొర్లుతోందా, గీతలున్నాయా చూసి, ప్రతి డిస్కునూ ప్లేయర్‌లో పెట్టి మొదలు, మధ్య, చివర ఐదేసి నిమిషాలు ఆడించండి. శబ్దం ఆపేసి చేయండి, కథ తెలిసిపోదు. ఐదు డిస్కుల సెట్ ఒకటి కొని, నాలుగో డిస్క్ దగ్గరికి రెండు నెలలకు చేరాను. అది సగంలో ఆగిపోయింది. మార్చుకునే గడువు దాటిపోయిందని అమ్మినవాళ్లు చెప్పేశారు. ఆ ఖాళీ ఇప్పటికీ నా అరలో ఉంది.

టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికను కృత్రిమంగా నున్నగా చేసే సెట్టింగు) ఆపేయండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, ప్లేయర్‌లో 24 ఫ్రేముల అవుట్‌పుట్ పెట్టండి. తెర మీద ఇసుకలా కదిలే గ్రెయిన్ చూసి కంగారుపడకండి, అది ఫిల్మ్ తాలూకు శరీరం. దాన్ని తుడిచేసిన ప్రతిలో ముఖాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి.

మొదటిసారి సినిమా మాత్రమే చూడండి. బుక్‌లెట్ మర్నాడు. కామెంటరీ వారం తర్వాత, సినిమా మనసులో కాస్త కుదురుకున్నాక. అప్పుడు నోట్‌బుక్ తీసి, నేను ముందు రాసుకున్నదాంట్లో ఏది తెర మీద కనిపించిందో దాని పక్కన చిన్న చుక్క పెడతాను. తర్వాత మా తమ్ముడికి ఫోన్ చేస్తాను. వాడి డిస్క్ ఇంకా చేరి ఉండదు కాబట్టి, బాగుందా లేదా అన్నది ఒక్కటే చెప్తాను.