లాప్‌టాప్ వేడెక్కుతోందా? ఎండ వల్లా, దుమ్ము వల్లా, ముందు తేల్చుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. బెజవాడలో పై అంతస్తు గదుల్లో మే నెల మధ్యాహ్నాలు లోపలే 40 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. చాలా లాప్‌టాప్‌లను 35 డిగ్రీల గది వరకు పనిచేసేలా తయారు చేస్తారు. అందుకే లాప్‌టాప్ కాలుతుంటే "ఎండాకాలం కదా" అని సరిపెట్టుకుంటాం. నిజంగా చెడుతున్న లాప్‌టాప్‌ని పట్టించుకోకుండా వదిలేసేది అలాగే.

ఎండదా, లాప్‌టాప్‌దా తేల్చడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. హెచ్‌డబ్ల్యూమానిటర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి, ప్రాసెసర్ వేడి ఎంతో చూపిస్తుంది. ఉదయం 6 గంటలకు పావుగంట వీడియో కాల్ లాంటి పని చేసి ఆ అంకె రాసుకోండి. మధ్యాహ్నం 3 గంటలకు అదే పని మళ్లీ చేయండి. గది పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు పదే పెరగాలి. ఉదయం 70, మధ్యాహ్నం 80 వస్తే ఆ తేడా ఎండది. చల్లటి ఉదయం పూట, అంత చిన్న పనికే 95 దగ్గరికి వెళ్తుంటే మాత్రం తప్పు లోపల ఉంది.

ఫ్యాన్ హోరు పెడుతోంది, గాలి మాత్రం సన్నగా వస్తోంది

నూటికి ఎక్కువపాళ్లు ఇది దుమ్మే. ఫ్యాన్ గాలిని సన్నటి లోహపు రేకుల మధ్య నుంచి బయటికి నెడుతుంది. దుమ్ము ఫ్యాన్ రెక్కల మీద కంటే ఆ రేకుల మొదట్లో ఎక్కువగా పేరుకుంటుంది. బయటి నుంచి కనిపించదు.

మా మేనకోడలు ఇబ్రహీంపట్నంలో ఉంటుంది. అటువైపు వాళ్లకు థర్మల్ స్టేషన్ బూడిద కొత్త కాదు. నిరుడు ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది, "మావయ్యా, పరీక్ష మధ్యలో ఆగిపోయింది, మదర్‌బోర్డు పోయిందంటున్నారు" అని. వెనక మూత విప్పి చూస్తే రేకుల ముందు కంబళి ముక్కలా మందంగా దుమ్ము పట్టి ఉంది. తీసేశాక ఇప్పటికీ ఆ లాప్‌టాప్ మీదే చదువుకుంటోంది. మదర్‌బోర్డు మార్చమని ఎవరైనా అంటే, ముందు మూత తీసి రేకులు చూపించమని అడగండి.

మీరే శుభ్రం చేస్తే: షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీయండి, మూత విప్పగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. రెక్కలు తిరగకుండా పంటిపుల్లతో ఆపి, చిన్న బ్లోయర్‌తో ఊదండి, మిగిలింది మెత్తటి బ్రష్‌తో తీయండి. రెక్కల్ని వదిలేసి ఊదితే ఫ్యాన్ అతివేగంగా తిరిగి పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్థిర విద్యుత్తు వల్ల బోర్డుకి ప్రమాదం. వారంటీ ఉంటే, విప్పే ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి. ఏడాదికి రెండుసార్లు చాలు. శివరాత్రి వెళ్లగానే ఒకసారి. దసరాకి ఆయుధపూజ కోసం బండి ఎలాగూ కడుగుతాం, ఆ రోజే ఇదీ.

రేకులు శుభ్రంగానే ఉన్నాయి, గాలి గోరువెచ్చగా వస్తోంది, అంకె మాత్రం 95

వేడి రేకుల దాకా చేరడం లేదన్నమాట. ప్రాసెసర్‌కీ, దాని వేడిని రేకుల దాకా మోసే రాగి గొట్టానికీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. మూడు, నాలుగేళ్లు దాటిన లాప్‌టాప్‌లలో ఇది మామూలే. పాతది స్పిరిట్‌తో తుడిచి కొత్తది పెసరగింజంత పెట్టాలి. చేయి తిరగనివాళ్లు షాపులోనే, దగ్గరుండి చేయించుకోండి.

ఆగదు, కానీ పని మధ్యలో నత్తనడక

వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించకండి. 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము తీశాక కూడా మధ్యాహ్నాలు ఇలాగే ఉంటే, విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి మార్చండి. చాలా లాప్‌టాప్‌లలో దాంతో టర్బో, అంటే పని ఎక్కువైనప్పుడు ప్రాసెసర్ అందుకునే అదనపు వేగం, ఆగిపోయి, వేడి బాగా తగ్గుతుంది. టైపింగ్‌కీ, క్లాసులకీ ఆ తేడా తెలియదు. కొన్నిటిలో ఆ వరుస కనిపించదు, అప్పుడు కంపెనీ యాప్‌లో క్వైట్ మోడ్ పెట్టుకోండి.

పరుపు మీద పెడితే కింది రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్కపీట మీద పెట్టి, వెనక వైపు రెండు సీసా మూతలు ఎత్తు పెట్టండి. కూలింగ్ ప్యాడ్ కొనే ముందు ఇది చేసి చూడండి. వాటర్ కూలర్ గదిలో ఉంటే పర్వాలేదు గానీ దాని తడిగాలికి ఎదురుగా లాప్‌టాప్ వద్దు. ఫ్రిజ్‌లో అసలే పెట్టకండి, లోపల నీరు పడుతుంది.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బింది, లేదా మూత సరిగా కూర్చోవడం లేదు

ఇక్కడ పరీక్షలేమీ వద్దు. బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఆపేసి ఛార్జర్ తీసేయండి, మళ్లీ పెట్టకండి. ఉబ్బిన చోట నొక్కకండి, గుచ్చకండి, నిప్పంటుకోవచ్చు. ఎండలో నిలిపిన కారులో ఉంచకుండా నేరుగా సర్వీస్‌కి ఇచ్చి బ్యాటరీ మార్పించండి. వేడి గదిలో రోజంతా 100 శాతం ఛార్జింగ్‌లో ఉంచడం బ్యాటరీని ఇలా త్వరగా దెబ్బతీస్తుంది. కొత్త బ్యాటరీ వేసిన రోజే, లాప్‌టాప్‌లో ఆ వీలుంటే, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి.