జ్వరం సిరప్ పట్టే ముందు

• మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు దాటిందా? సిరప్ సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

• సీసా మీద అంకె చదవండి. పారాసిటమాల్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండేదీ, 250 ఉండేదీ రెండూ దొరుకుతాయి. చుక్కల మందైతే 1 మి.లీ.లోనే 100. పక్కింటావిడ చెప్పిన "ఒక మూత" లెక్క బెడిసికొట్టేది ఇక్కడే.

• మోతాదుకు బరువే లెక్క. ఒక్కసారికి కిలోకు 15 మి.గ్రా. మించొద్దు. 10 కిలోల పిల్లాడికి 125 సిరప్ అయితే 6 మి.లీ.

• వంటింటి చెంచా వద్దు. సీసా బాగా కుదపండి.

• కిందటిసారి ఎప్పుడు పట్టారు? కనీసం 4 గంటలు గడవాలి, రోజుకు 4 సార్లు దాటొద్దు. టెన్షన్‌లో అమ్మమ్మ ఒకసారి, మీరు ఒకసారి పట్టేస్తుంటారు. టైమ్ ఫ్రిజ్ మీద రాసిపెట్టండి.

• జలుబు సిరప్‌లోనూ పారాసిటమాల్ ఉండొచ్చు, చూసుకోండి.

• ఆస్పిరిన్ అసలొద్దు.