జాజ్ రీమాస్టర్లను పోల్చి వినడం: 3వ పాఠం – ముందు వేగం, ఆ తర్వాత లెవెల్

ఒకే ఆల్బమ్‌కి రెండు ప్రతులు (పాత విడుదల ఒకటి, అదే రికార్డింగుకి ధ్వని మళ్లీ సరిదిద్ది వేసిన రీమాస్టర్ ఒకటి) ఎలా ఎంచుకోవాలో మొదటి పాఠంలో చూశాం. సీడీ నుంచి నష్టం లేకుండా ఫ్లాక్ ఫైళ్లు దించుకోవడం రెండో పాఠంలో అయింది. ఈసారి వినేది తక్కువ, కొలిచేది ఎక్కువ. విసుగు పుట్టించే పనే. కానీ దీన్ని ఎగ్గొట్టి నేరుగా వినడానికి కూర్చుంటే, "ఈ రీమాస్టర్ డల్‌గా ఉంది, ఆ పాతదే బాగుంది" అని మీరు చెప్పే మాట దేని గురించో మీకే తెలియదు. మాస్టరింగ్ గురించి కావచ్చు, టేపు తిరిగిన వేగం గురించి కావచ్చు, ఒక డెసిబెల్ ఎక్కువ వాల్యూమ్ గురించి కావచ్చు.

అభ్యాసానికి ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' తీసుకుందాం. 1980లలో వచ్చిన సీడీ ఒకటి కావాలి, దాన్ని 'ఎ' అందాం. 1997లో గానీ ఆ తర్వాత గానీ రికార్డు కంపెనీ కొలంబియా విడుదల చేసిన సీడీ మరొకటి కావాలి, అది 'బి'. ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకడం కష్టం. ఎందుకంటే ఈ రెండింటి మధ్య తేడా అభిరుచి సంగతి కాదు, గడియారంతో కొలవగలిగేది.

ఈ ఆల్బమ్ న్యూయార్క్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా 30వ వీధి స్టూడియోలో రికార్డయింది. 1959 మార్చి 2న 'సో వాట్', 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్', 'బ్లూ ఇన్ గ్రీన్'. ఏప్రిల్ 22న 'ఫ్లమెంకో స్కెచెస్', 'ఆల్ బ్లూస్'. టేపు మెషిన్లు రెండు ఒకేసారి తిరిగేవి. ఒకటి మాస్టర్, రెండోది ఏదైనా తేడా వస్తే పనికొస్తుందని పెట్టుకున్న సేఫ్టీ. మార్చి 2న మాస్టర్ మెషిన్ ఉండాల్సిన వేగం కంటే కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ సంగతి అప్పుడు ఎవరి చెవికీ చిక్కలేదు.

ఇక్కడ చాలామంది తలకిందులుగా ఊహించుకుంటారు, కాబట్టి ఒక్క క్షణం ఆగుదాం. రికార్డు చేసేటప్పుడు టేపు నెమ్మదిగా తిరిగితే, వినేటప్పుడు పాట వేగంగా వస్తుంది. సెకనుకు 15 అంగుళాలు నడవాల్సిన టేపు 14.8 అంగుళాలే నడిచిందనుకోండి. ఒక సెకను సంగీతం 14.8 అంగుళాల్లో సర్దుకుంది. దాన్ని సరైన మెషిన్‌లో వేస్తే ఆ 14.8 అంగుళాలూ సెకను నిండకముందే అయిపోతాయి. పాట తొందరగా ముగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. ఎల్‌పీ మొదటి వైపున్న మూడు పాటలకూ జరిగింది ఇదే. రికార్డు పెట్టుకుని దానితో పాటు వాయిద్యం వాయించబోయినవాళ్లకి శ్రుతి కుదరక తల పట్టుకోవాల్సి వచ్చేది. 1992లో రీమాస్టరింగ్ కోసం టేపులు బయటికి తీసినప్పుడు ఇంజనీర్ మార్క్ వైల్డర్ దీన్ని పట్టుకున్నాడు. సేఫ్టీ టేపు సరైన వేగంతో ఉండడంతో దాన్నుంచి సరిచేశారు. అంటే 33 ఏళ్ల పాటు లోకం విన్నది కాస్త పరుగెత్తే 'సో వాట్'నే.

ఇప్పుడు మీ దగ్గరున్న ఫైళ్లలో దీన్ని మీరే రుజువు చేసుకోవాలి. ఉచితంగా దొరికే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ చాలు.

'ఎ', 'బి' రెండింటి 'సో వాట్' ఫైళ్లనూ ఒకే ప్రాజెక్టులోకి తెచ్చి, ఒకదాని కింద ఒకటి పెట్టండి. పాట మొత్తం నిడివి చూసి తేల్చేద్దామనుకోకండి. ఈ పాట చివర్లో మెల్లగా తగ్గిపోతూ ముగుస్తుంది. ఆ తగ్గింపు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ కోసెయ్యాలి అన్నది ప్రతి ఎడిషన్‌లోనూ ఎవరో ఒకరు చేతితో నిర్ణయించిందే. మొదట్లో ఉండే ఖాళీ కూడా అంతే. అందుకని పాట లోపలే రెండు గుర్తులు ఎంచుకోండి. మొదటిది, సుమారు ఒకటిన్నర నిమిషం దగ్గర మైల్స్ సోలో మొదలవుతుండగా డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లెం) మీద వేసే పెద్ద దెబ్బ. వేవ్‌ఫార్మ్‌లో, అంటే తెర మీద శబ్దాన్ని చూపే బొమ్మలో, నిటారుగా లేచిన గీతలా కనబడుతుంది, పొరబడే అవకాశం లేదు. రెండోది, పియానో సోలో అయిపోయాక బేస్ మొదటి బాణీని మళ్లీ ఎత్తుకునే చోటు. అక్కడ తొలి స్వరం మొదలైన చోట జూమ్ చేసి, కంట్రోల్-బి నొక్కి లేబుల్ పెట్టండి. కింద సమయం చూపే పెట్టెను మిల్లీసెకన్లు కనబడేలా మార్చుకోండి.

రెండు గుర్తుల మధ్య దూరం 'ఎ'లో ఎంత, 'బి'లో ఎంత అన్నది రాసుకోండి. లెక్క అర్థం కావడానికి సులువైన అంకెలు వేసుకుందాం: 'ఎ'లో 400.0 సెకన్లు, 'బి'లో 404.8 అనుకోండి. 404.8ని 400తో భాగిస్తే 1.012. అంటే 'ఎ' 1.2 శాతం వేగంగా ఉంది. శ్రుతిలో ఇదెంత? ఒక్కో శాతానికి సుమారు 17 సెంట్లు. హార్మోనియం మీద పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరం 100 సెంట్లు కాబట్టి, 1.2 శాతమంటే అందులో అయిదో వంతు. తంబూర మోగుతుండగా ఎవరైనా 20 సెంట్లు ఎక్కువ పాడితే కచేరీ వినే అలవాటున్నవారికి ఇట్టే తెలిసిపోతుంది. పక్కన శ్రుతి లేకుండా ఒక్కటే వింటే మాత్రం తెలియదు. మీకు నిజంగా వచ్చే అంకెలు నేను వేసినవాటితో కలవాలని లేదు, మీ కొలతనే నమ్మండి. గుర్తు పెట్టడంలో పదో వంతు సెకను పొరపాటు చేసినా, 400 సెకన్ల మీద అది అర సెంటు కూడా రాదు.

అయితే తేడా వచ్చినంత మాత్రాన నేరం టేపుదేనని ఎలా చెప్తాం? మీ డ్రైవ్, మీ ఫైలు, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్, ఏదైనా కారణం కావచ్చు. దీనికి జవాబు అదే ఆల్బమ్‌లో ఉంది. 'ఆల్ బ్లూస్' ఏప్రిల్ 22 నాటిది, ఆ రోజు మెషిన్ సరిగ్గానే తిరిగింది. ఆ పాటకీ ఇదే కొలత తీయండి. నిష్పత్తి 1.000కి అంటుకుని ఉంటే మీ పద్ధతి సరైనదే, 'సో వాట్'లో కనబడిన తేడా టేపుదే. 'ఆల్ బ్లూస్'లో కూడా అదే తేడా కనబడితే ఫైళ్లు దించుకోవడంలో ఎక్కడో తప్పింది. సాధారణంగా 44.1 కిలోహెర్ట్జ్ ఫైలును 48గా చదవడం లాంటిది, కాకపోతే అప్పుడు తేడా ఏకంగా 9 శాతం దాకా ఉంటుంది, చెవికే దొరికిపోతుంది. ఎల్‌పీ నుంచి ఎక్కించుకున్న ఫైళ్ల మీద ఈ పరీక్ష పెట్టుకోకండి. టర్న్‌టేబుల్ వేగం దానికదే అంతో ఇంతో అటూఇటూగా ఉంటుంది, ఏ తేడా దేనిదో విడదీయలేరు.

పాత 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి ఎక్కించిన మన పాటలు పోల్చేటప్పుడు కూడా మొదట చూడాల్సింది ఇదే, టోన్ కాదు.

రెండు ప్రతుల టోన్‌ని పోల్చాలంటే వేగాలు కలపాలి. వేగంగా ఉన్న 'ఎ'ని నెమ్మది చేయండి. ఎఫెక్ట్ మెనూలో వేగం, శ్రుతి రెండూ కలిపి మార్చే 'చేంజ్ స్పీడ్' (కొత్త వెర్షన్లలో 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్') ఎంచుకోండి. 'చేంజ్ టెంపో' కాదు, 'చేంజ్ పిచ్' అసలే కాదు. ఆ రెండూ శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి తిరిగి అతికిస్తాయి. ఆ అతుకులు ముందు బయటపడేది సింబల్ తోకలోనే, అంటే దెబ్బ తర్వాత మెల్లగా సన్నబడే మోతలోనే, మనం జాగ్రత్తగా వినాల్సింది కూడా దాన్నే. ఎంత శాతం వేయాలి? ఇక్కడ చేతులు కాల్చుకునేవాళ్లు ఎక్కువ. 1.2 శాతం వేగంగా ఉందని మైనస్ 1.2 కొట్టేస్తారు. సరైన లెక్క 400ని 404.8తో భాగించడం: 0.98814. అంటే మైనస్ 1.186. శ్రుతిలో ఆ తేడా వినబడదు గానీ, రెండు ఫైళ్లనూ ఒకేసారి నడిపి మధ్యలో మార్చి మార్చి వినేటప్పుడు పాట చివరికి వచ్చేసరికి తాళం పక్కకి జారిపోయి ఏ ఫైలు ఏదో పట్టిచ్చేస్తుంది.

వేగం కలిసింది. ఇక లెవెల్.

ఒక డెసిబెల్ తేడా ఉంటే "ఇది గట్టిగా ఉంది" అని మనసుకి తట్టదు. "ఇందులో బేస్ నిండుగా ఉంది, సింబల్ విచ్చుకుంది" అని తడుతుంది. వాల్యూమ్ తగ్గేకొద్దీ చెవికి కింది స్వరాలు ముందుగా సన్నబడతాయి, ఆపై బాగా పై స్వరాలు. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. రీమాస్టర్ల మీద జరిగే వాదనల్లో సగం ఇక్కడే పుడతాయన్నది మా అభిప్రాయం. లక్ష్యం 0.1 డెసిబెల్ లోపు. వాల్యూమ్ బటన్‌తో అంచనాగా సరిచేయడం కుదరదు.

రెండు ఫైళ్ల నుంచీ ఒకే ముక్క కోయండి: సింబల్ దెబ్బకి ఒక సెకను ముందు నుంచి 60 సెకన్లు. రెండు ముక్కల మీదా 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్' నడిపి, మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) ఇవ్వండి. అంత తక్కువెందుకంటే, శబ్దపు శిఖరాలు ఫైలు పట్టగల గరిష్ఠ హద్దుకి తగిలి నలగకుండా ఉండడానికి. గట్టిగా ఉన్నదాన్ని దించడమే క్షేమం, మెల్లగా ఉన్నదాన్ని ఎత్తడం కాదు. ఆ పెట్టెలో రెండు విషయాలు చూసుకోండి. కొలత 'పర్సీవ్డ్ లౌడ్‌నెస్' మీద ఉండాలి, ఆర్‌ఎంఎస్ (చెవి తీరు చూడని సగటు శక్తి లెక్క) మీద కాదు. ఆర్‌ఎంఎస్ లెక్కలో బేస్ ఎక్కువ తూగుతుంది, కాబట్టి బేస్ పెంచిన రీమాస్టర్‌ని అది అన్యాయంగా కిందికి లాగేస్తుంది. ఇక స్టీరియో ఛానెళ్లను విడివిడిగా సరిచేసే గడిలో టిక్కు ఉండకూడదు. ఉంటే ఎడమ, కుడి రెండూ ఒకే మట్టానికి వచ్చి, ఇంజనీర్ పెట్టిన బ్యాలెన్సే మారిపోతుంది.

అయ్యాక రెండు వేవ్‌ఫార్మ్‌లనీ పక్కపక్కన చూడండి. లెవెల్ సమం చేశాక ఒకదాని శిఖరాలు పొట్టిగా, కత్తెరతో కోసినట్టు ఒకే ఎత్తులో ఉంటే ఆ ప్రతిని లిమిటర్‌తో, అంటే శిఖరాలను ఒక హద్దు దాటనివ్వని పరికరంతో, నొక్కారన్నమాట. సమం చేయకముందు ఇదే బొమ్మ చూస్తే ఏమీ అర్థం కాదు.

స్ట్రీమింగ్ యాప్‌లో పోల్చదలిస్తే అందులోని వాల్యూమ్ నార్మలైజేషన్, ఈక్వలైజర్ ఆపేసి, తీగ ఉన్న హెడ్‌ఫోనే వాడండి. అయినా అక్కడ ఏ సంవత్సరపు మాస్టర్ మోగుతోందో చాలాసార్లు రాసి ఉండదు. అందుకే ఈ పాఠాలు సీడీల మీద నడుస్తున్నాయి.

1980ల సీడీల్లో మరో ఉచ్చు ఉంది. కొన్నింటిని ప్రీ-ఎంఫసిస్‌తో, అంటే పై స్వరాలను ముందే పెంచి తయారుచేశారు. సీడీ ప్లేయర్ వాటిని మళ్లీ తగ్గించి వినిపించేది. కంప్యూటర్‌లోకి దించుకునేటప్పుడు ఆ తగ్గింపు జరగకపోతే పై చివర 9 డెసిబెల్స్ దాకా అదనంగా మిగిలిపోతుంది. పాత సీడీ చెవిలో సూదిలా గుచ్చుకుంటుంటే, దాన్ని తిట్టే ముందు ఇది చూడండి.

ఇంత చేసినా పూర్తిగా సమం కాని విషయం ఒకటి ఉంది. 1997 ఎడిషన్ పేరుకి రీమాస్టర్ అయినా, మూడు ట్రాకుల సెషన్ టేపుల దాకా వెనక్కి వెళ్లి మళ్లీ స్టీరియోకి మిక్స్ చేసింది. శాక్సోఫోన్ వాయించే ఇద్దరు, ఎడమ పక్కన కోల్ట్రేన్, కుడి పక్కన కానన్‌బాల్ ఆడర్లీ, ఎంత దూరంగా నిలబడ్డారు, ట్రంపెట్ వెనక ప్రతిధ్వని ఎంత అన్నవి మిక్స్ చేసినవారు తీసుకున్న నిర్ణయాలు. అవి మాస్టరింగ్ ఖాతాలో రాయకూడదు. మీ నోట్‌బుక్‌లో రెండు నిలువు వరసలు గీయండి. స్థానం, ప్రతిధ్వని, వాయిద్యాల మధ్య బ్యాలెన్స్ ఒక వరసలో. హిస్ (టేపు బుసబుస), మొత్తం టోన్, నొక్కుడు, సింబల్ తోక రెండో వరసలో. ఏ వరసలో పడుతుందో తేలని మాట, "వెచ్చగా ఉంది" లాంటిది, అసలు రాయకండి.

తర్వాతి పాఠానికి ముందు చేయాల్సిన పని: వేగం, లెవెల్ కలిపిన 60 సెకన్ల ముక్కలు రెండు సిద్ధం చేసి, 24 బిట్ ఫ్లాక్‌గా దాచుకోండి. 'సో వాట్' ఆరంభంలో పియానో, బేస్ మాత్రమే మెల్లగా వాయించే భాగం నుంచి 30 సెకన్ల జత ఇంకొకటి కోయండి, కానీ దానికి విడిగా నార్మలైజేషన్ నడపకండి. పెద్ద ముక్కకు ఎన్ని డెసిబెల్స్ తగ్గాయో అన్నే 'యాంప్లిఫై'తో తగ్గించండి. లేకపోతే ఆ నిశ్శబ్ద భాగంలో హిస్ తక్కువున్న ప్రతి, ఎక్కువున్న ప్రతి ఒకేలా మోగి మనల్ని మోసం చేస్తాయి. నాలుగో పాఠంలో పేర్లు దాచి వినే ఏబీఎక్స్ పరీక్ష ఉంటుంది: 16 సార్లలో కనీసం 12 సరిగ్గా చెప్పాలి. ఊరికే ఊహించి 12 సాధించే అవకాశం వందకు నాలుగు కంటే తక్కువ.