మూడోసారి నిలబడుతున్న కౌన్సిలర్‌కు పని చేసేవాళ్లకు

కొత్త అభ్యర్థి పేరు నాలుగు వీధులకు తెలిస్తే సగం పని అయినట్టే. రెండుసార్లు గెలిచి మూడోసారి నిలబడే మనిషికి ఆ వెసులుబాటు ఉండదు. పేరు అందరికీ తెలుసు, దానితోపాటు ఏ స్తంభానికి దీపం వెలగలేదో, ఎవరి పింఛను దరఖాస్తు మూలన పడిందో కూడా గుర్తుంటుంది. తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీలో ఇంటి పన్ను వసూలు చేసే బిల్ కలెక్టర్‌గా చేసి రిటైరయ్యాక ఇప్పుడు మా వార్డు కౌన్సిలర్ తరఫున తిరుగుతున్నాను. ఆమెను అందరూ అక్క అంటారు, నేనూ అంతే. అక్క కోసం వచ్చే కుర్రాళ్లకు నేను చెప్పే మాటలే ఇవి.

ముందు ఒక పెద్ద నోటు పుస్తకం కొనండి. మొదటి గడిలో ఇంటి నంబరు, రెండో దానిలో ఆ ఇంటివాళ్లు అడిగిన పని, మూడో దానిలో జరిగింది, నాలుగో దానిలో జరగనిది. నాలుగో గడి ఖాళీగా ఉంచితే పుస్తకం దండగ. అయిన పనులకు కౌన్సిల్ తీర్మానాల నకళ్లు దగ్గర పెట్టుకోండి. అక్క దగ్గర లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కనుక ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. వార్డులో నాటిన మొక్కలు కూడా మీరే ముందుగా లెక్కపెట్టండి. నాటిన వాటిలో 85 శాతం బతికించే బాధ్యతను 2019 మున్సిపల్ చట్టం వార్డు సభ్యుల మీద పెట్టింది. ఎండిపోయిన వాటిని లెక్కపెట్టడానికి ఎదుటివాళ్లు ఎలాగూ వస్తారు.

గడప దగ్గర ఎలా మాట్లాడాలో ఒక ఉదాహరణ చెబుతాను. వెనక వీధిలో ఒక పెద్దావిడ నన్ను చూడగానే, "పన్ను కట్టేశాను సారూ" అంది. ఇన్నేళ్లయినా నన్ను చూస్తే అదే మాట. ఓటు కోసం వచ్చానన్నాను. "కాలువ పూడిక తీయించింది మీ అక్కే. తీసిన మట్టి గట్టు మీదే పోసి వెళ్లారు, వాన పడగానే మళ్లీ కాలువలోకే జారింది. ఎవరికి లాభం?" అంది. నా వెంట వచ్చిన కుర్రాడు కాంట్రాక్టర్ తప్పని వాదించబోతే చేయి పట్టి ఆపాను. ఆమె ముందే పుస్తకం తెరిచి, 'మట్టి ఎత్తలేదు' అని నాలుగో గడిలో రాసి చదివి వినిపించాను. ఓటు వేస్తానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. మంచినీళ్లు ఇచ్చింది, అది చాలు. సాయంత్రం ఆ గడి అక్కకు చూపించాలి. ఎన్నికల కోడ్ వచ్చాక కొత్త పనులకు మాట ఇవ్వకూడదు కాబట్టి, ఎందుకు ఆగిందో మాత్రం అక్కే వెళ్లి చెప్పాలి.

ఇక ఓటర్ల జాబితా. శాసనసభ జాబితానే వార్డుల వారీగా విడగొడతారు, అక్కడే పేర్లు హద్దు దాటి పక్క వార్డులో పడతాయి. ముసాయిదా అంటించిన రోజే మీ పుస్తకంలోని ఇంటి నంబర్లతో సరిచూసి, గడువులోపు అభ్యంతరం రాసి ఇవ్వండి. అసలు పేరే లేనివారు శాసనసభ జాబితాలో చేరడానికి ఫారం 6 నింపాలి.

రిజర్వేషన్లు ఖరారయ్యే వరకు బ్యానర్ల జోలికి పోవద్దు. వార్డు మరో వర్గానికి పోతే అక్క పక్క వార్డుకు మారాల్సి రావచ్చు. అభ్యర్థి ఆ మున్సిపాలిటీలో ఎక్కడ ఓటరైనా సరిపోతుంది, ప్రతిపాదించే వ్యక్తి మాత్రం పోటీ చేసే వార్డు ఓటరే కావాలి. ఆ మనిషి జాబితాలో వరుస సంఖ్యను నామినేషన్ పత్రంలో వేసేటప్పుడు రెండుసార్లు చూడండి. కేసులు, ఆస్తులు, చదువు వివరాల అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు. మున్సిపాలిటీకి కట్టాల్సిన బకాయిలన్నీ తీర్చేసి రసీదులు ఫైల్లో పెట్టండి. కౌన్సిలర్ ఇంటి పన్ను బకాయి ఉందంటే ఊరంతా నవ్వుతుంది, అనుభవంతో చెబుతున్నాను.

అక్క చైర్‌పర్సన్ అవుతుందని చెప్పి ఓటు అడగకండి. ఆ పదవికి జనం నేరుగా ఓటు వేయరు. గెలిచిన సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు, పదవి రీత్యా (ఎక్స్ అఫిషియో) సభ్యులైన ఎమ్మెల్యే, ఎంపీలకు కూడా ఓటు ఉంటుంది. మన చేతిలో లేనిదాని మీద మాట ఇస్తే ఆ బాకీ అక్క తలకే చుట్టుకుంటుంది. డబ్బు పంచే పనికి నన్ను పిలవొద్దని మొదటి రోజే చెప్పాను, మీరూ చెప్పేయండి. ఇన్నేళ్లు పని చేసిన మనిషి తరఫున నోట్లు పంచితే, ఆ పనికి విలువ లేదని మనమే ఒప్పుకున్నట్టు.

2020 జనవరిలో మా దగ్గర బ్యాలెట్ పత్రాలతోనే పోలింగ్ జరిగింది. వార్డుల్లో గెలుపోటములు కొద్ది ఓట్ల మీదే తేలిపోతుంటాయి కాబట్టి చెల్లని ఓట్ల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. ముసలివాళ్లకు బ్యాలెట్‌కు బదులుగా ఒక రంగు కాగితం ఇచ్చి చూపించండి: అధికారి ఇచ్చిన ముద్రే వాడాలి, వేలిముద్ర వేస్తే చెల్లదు, ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడకూడదు, ముందు నిలువుగా మడవాలి. ముందే అడ్డంగా మడిస్తే తడి సిరా ఇంకో గుర్తు మీద అంటుతుంది. మా వీధిలో ఒకామె ఆ కాగితాన్ని తమలపాకులా చుట్టి చీర కొంగులో దోపుకుంది, మళ్లీ మొదటి నుంచి నేర్పాను.

పోలింగ్ ఏజెంటుగా గొంతు పెద్దగా ఉన్నవాడిని కాదు, ముఖాలు తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. కిరాణా కొట్టు నడిపేవారు, పాత దర్జీ అయితే మేలు. మన ఓటరు వచ్చేసరికే ఆ పేరు మీద ఎవరో వేసి వెళ్లి ఉంటే, గొడవ పడకుండా టెండర్ ఓటు, అంటే విడిగా తీసి ఉంచే ఓటు, అడగమనండి. అది లెక్కింపులో కలవదు కానీ, రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే రికార్డులో ఉంటుంది.

ఖర్చుల లెక్క రాసే పని ఒక్కరికే, మొదటి రోజు నుంచే అప్పగించండి. 2020లో మున్సిపాలిటీ వార్డుకు పరిమితి లక్ష రూపాయలు. టీ కొట్టు చీటీ, ఆటో మైకు బిల్లు, కరపత్రాల రసీదు అన్నీ ఒకే కవరులో పడాలి. కరపత్రం కింద ముద్రాపకుడి పేరు, చిరునామా ఉన్నాయో లేదో చూశాకే డబ్బు కట్టండి. ఫలితం వచ్చాక 45 రోజుల్లోపు ఆ లెక్క అధికారికి ఇవ్వాలి. ఓడినా ఇవ్వాలి, లేకపోతే వచ్చే ఎన్నికలో నిలబడే అర్హతే పోవచ్చు.