వెబ్‌హుక్ చేరింది, బిల్డు మాత్రం కదల్లేదు

హనుమకొండలోని మా చిన్న కార్యాలయంలో జెన్‌కిన్స్ సర్వర్ నడుస్తుంది. గిట్‌హబ్‌లో ఉంచిన కోడ్ మారగానే అక్కడి నుంచి వెబ్‌హుక్ అనే సందేశం వస్తుంది, దాంతో ఇక్కడ బిల్డు (కోడ్ నుంచి ప్రోగ్రామును తయారుచేసే పని) మొదలవుతుంది. కోడ్‌లోని ప్రతి బ్రాంచికీ (శాఖకూ) బిల్డు మొదలై సర్వర్ మీద భారం పెరుగుతోందని, ఆ సందేశాలను అందుకునే జెనరిక్ వెబ్‌హుక్ ట్రిగర్ ప్లగిన్‌లో నేనే ఒక వడపోత నియమం పెట్టాను. మెయిన్ బ్రాంచికి తప్ప బిల్డు వద్దన్నది నా ఉద్దేశం. మరునాటి నుంచి దానికీ ఆగిపోయింది.

గిట్‌హబ్‌లో వెబ్‌హుక్ పంపిణీల జాబితా తెరిస్తే అన్నిటికీ 200 అనే జవాబు కోడే. ఆ అంకెను నమ్మి రెండు గంటలు, బిల్డు దశలు రాసి ఉండే పైప్‌లైన్ స్క్రిప్టులో తప్పు కోసం వెతికాను. సందేశం చేరిందనడానికే అది గుర్తు, నియమం ఒప్పుకుందనడానికి కాదు. చివరికి ఒక పంపిణీని తెరిచి జవాబు చదివాను. మా జాబ్ పేరు కింద ‘ట్రిగర్డ్: ఫాల్స్’ అని స్పష్టంగా ఉంది. నియమంతో పోల్చిన పాఠం కూడా అక్కడే ఉంది: ‘రెఫ్స్/హెడ్స్/మెయిన్’. నేను రాసిన నియమంలో ఆరంభ, అంత్య గుర్తుల మధ్య ఉన్నది ‘మెయిన్’ ఒక్కటే, అంటే పాఠం మొత్తం అదే అయితేనే ఒప్పుకుంటుంది! బ్రాంచి పేరు పూర్తి దారితో వస్తుంది.

ఈ నియమం రాసి ఉన్న జెన్‌కిన్స్‌ఫైల్‌లో పూర్తి దారి రాసి పంపాను. అయినా కదల్లేదు. జవాబులో ఇంకా పాత నియమమే కనిపిస్తోంది. ఇది ముఖ్యం: ఆ ఫైలులో ట్రిగర్ (బిల్డు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే భాగం) మార్చితే, జాబ్ ఒకసారి నడిచాకే కొత్తది అమలవుతుంది. చేత్తో ఒక బిల్డు నడిపి, పాత పంపిణీనే మళ్లీ పంపించాను. ఈసారి ‘ట్రిగర్డ్: ట్రూ’. వరుసలో కొత్త బిల్డు కనబడగానే ప్రాణం లేచి వచ్చింది.